నాలుగో గుంజ దగ్గర ఈల

ఆ ఊళ్ళో ఆవిణ్ణి అందరూ డాక్టరమ్మ అనేవారు. మొదట్లో జ్వరమొచ్చిందనీ, పిల్లాడు పాలు తాగడం లేదనీ ఒకరిద్దరు తలుపు తట్టారు కూడా. "నేను మనుషుల డాక్టర్ని కాదమ్మా, డాల్ఫిన్ల మీద చదువుకున్నాను" అని చెబితే, "అయితే వాటికి సూదిమందు వేస్తావా?" అని ఒక ముసలాయన అడిగాడు. సూదీ లేదు, మందూ లేదు. ఆవిడ చేసే పనల్లా వినడం. పదహారేళ్ళుగా అదే పని.

నది సముద్రంలో కలిసే చోట రేవు ఉంది. రేవు చివర మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ. అందులో ఒక గది ఆవిడది. మందపాటి గోడలు, ఒకటే కిటికీ. బయటి చప్పుడు లోపలికి రాకుండా పాత పరుపులు చింపి ఆ దూదిని గోనెగుడ్డల్లో కుట్టించి గోడల నిండా కొట్టించింది. మండుటెండల్లో కూడా ఆ గది ఒక మూల చల్లగా, చెమ్మగా ఉండేది. "ఇన్నేళ్ళ ఐసు గోడల్లో ఇంకిపోయిందమ్మా, అంత తేలిగ్గా పోతుందా" అనేవాడు సరంగు.

పడవ నడిపేది ఆ సరంగే. యాభై దాటిన మనిషి. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. ఆవిడ ఆయన్ని అన్నా అని పిలిచేది.

నీళ్ళలో ఆరు ఇనప గుంజలు పాతారు. ఒక్కో గుంజకీ నీటి అడుగున ఒక మైకు, పైన రికార్డరు పెట్టె. రాత్రీ పగలూ అవి వింటూనే ఉంటాయి. పది రోజులకోసారి ఇద్దరూ పడవలో వెళ్ళి కార్డులు మార్చుకొస్తారు. ఆ పైన ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే, తిండికి లేపేవాళ్ళు ఉండాలి.

అక్కడి డాల్ఫిన్లలో ఒక్కోదానికి ఒక్కో ఈల ఉంది. అదే దాని పేరు. 'ఇదిగో, నేనిక్కడున్నా' అని తన ఈల తను వేసుకుంటూ తిరుగుతుంది. వేరేది దాన్ని పిలవాలన్నా ఆ ఈలే వేస్తుంది. బురదనీళ్ళలో కంటికి ఏమీ కనబడదు కాబట్టి ఎన్ని బతికున్నాయో తెలియాలంటే ఈలలు వినడమొక్కటే దారి. డాక్టరమ్మ దగ్గర, ఒక్కో పేరు పక్కన దాని ఈలని గీతలా బొమ్మ గీసుకున్న ఒక లావుపాటి నోటుపుస్తకం ఉండేది. ముందు నుంచి తెరిస్తే 'ఉన్నవాళ్ళు'. వెనక నుంచి తెరిస్తే 'పోయినవాళ్ళు'. వెనక పేజీలు ఎప్పుడో ముందు పేజీలని మించిపోయాయి.

అసలు సంగతికి మూడు వారాల ముందు బామ్మ చచ్చిపోయింది.

బామ్మ గుంపులో అన్నిటికంటే పెద్దది. దాని ఈల కింద నుంచి మెల్లిగా పైకి లేచి, చివర్లో ఎక్కిళ్ళు వచ్చినట్టు రెండుసార్లు తెగేది. ఎంత గోలలోనైనా ఇట్టే పట్టుకోవచ్చు. బురదమేట మీద పడి ఉన్నదాన్ని సరంగు చూసి ఆవిడకి కబురు చేశాడు. మూతి చుట్టూ వలతాడు కోసుకుపోయిన గాట్లు. డాక్టరమ్మ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తల వంచుకుంది. ఏడుస్తోందనుకున్నాడు సరంగు. ఏడవడం లేదు. ఆలోచిస్తోంది.

బామ్మతో కలిపి ఎనిమిది. బామ్మ పోతే ఏడు. ఎనిమిది కంటే తగ్గితే ఈ గుంపు ఇక నిలవదని పైవాళ్ళు తేల్చేస్తారు. వలల మీద నిషేధం ఎత్తేస్తారు. పెద్ద ఓడలు రావడానికి నది మూతి తవ్వుతారు. ఆ తవ్వకంలో మిగతా ఏడూ ఏడాది తిరక్కుండా పోతాయి. రిపోర్టు పంపాల్సింది ఆ వారంలోనే.

"అన్నా, దీన్ని ఇంకెవరైనా చూశారా?"

"లేదు. నేనే."

"పాతిపెట్టేద్దాం."

సరంగు ఆవిడ వంక చూశాడు. "పాతిపెట్టి?"

"ఉందని రాస్తాను."

ఆయన తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు. "చదువుకున్నవారు, మీకు నేను చెప్పేదేముంది గానీ... పోయినదాన్ని పోయిందనాలి డాక్టరమ్మా. లేకపోతే ఎటు పోవాలో దానికి తెలీదు."

"డాల్ఫిన్ అన్నా అది."

"దానికీ పేరుందని చెప్పింది మీరేగా."

అన్నాడు గానీ, పార తెచ్చింది ఆయనే. నడుంలోతు గొయ్యి తవ్వి ఇద్దరూ బామ్మని అందులోకి దొర్లించారు. మట్టి కప్పి, కాళ్ళతో తొక్కి చదును చేశారు.

ఆ తర్వాత ఆవిడ పాత రికార్డింగుల్లోంచి బామ్మ ఈలలు ఏరి, రెండో గుంజ ఫైళ్ళలో అక్కడక్కడా అతికించింది. రెండో గుంజ దగ్గర చప్పుడు తక్కువ, అతుకు కనబడదు. రిపోర్టులో 'ఎనిమిది' అని రాసి పంపింది. పెద్దది ఎటుంటే గుంపు అటే కాబట్టి, గుంపంతా రెండో గుంజ వైపు మళ్ళిందనుకుని, దొంగవలలు వేసేవాళ్ళని కాపు కాసే గస్తీ బోటుని నాలుగో గుంజ దగ్గర్నుంచి అక్కడికి మార్చారు. ఆ సంగతి ఆవిడకి తెలిసింది. తెలిసీ ఊరుకుంది.

ఇక అసలు సంగతి.

ఆ రోజు తెల్లారేసరికి రేవంతా పొగమంచు కప్పేసింది. కిటికీలోంచి చూస్తే పక్కనున్న పడవ తాడు కూడా కనబడడం లేదు. డాక్టరమ్మ టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ముందురోజు తెచ్చిన కార్డుల్లో నాలుగో గుంజది కంప్యూటర్లో పెట్టింది. ఫైలుని ముందుకి తోసుకుంటూ ఈలలున్న చోటే ఆగి వినడం ఆవిడకి అలవాటు. మొదటి రోజు ఫైలు మామూలుగానే ఉంది. రొయ్యలు చిటపటలాడుతున్న చప్పుడు, దూరంగా లాంచీ, అలల గలగల. ఆ వెనక ముక్కుపుడక ఈల. ముక్కు పక్కన తెల్లమచ్చ ఉన్న తల్లి డాల్ఫిన్ అది. దాన్ని అంటిపెట్టుకుని దాని పిల్ల బుడిగి.

రెండో రోజు ఫైలు సగానికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది.

కింద నుంచి మెల్లిగా లేచి... పైకి వెళ్ళి... ఎక్కిళ్ళు. ఒకటి. రెండు.

పాత ముక్క పొరపాటున ఇందులో కలిసిపోయిందనుకుంది. వెనక్కి తిప్పి మళ్ళీ వింది. ఈల వెనకాల లాంచీ ఇంజను టకటక. ఆ లాంచీ రేవులోకి వచ్చి రెండు వారాలే అయింది. బామ్మని పూడ్చిన తర్వాత వచ్చిన లాంచీ. అంటే ఇది కొత్త రికార్డింగే.

సరే, కనబడకుండా పోయినదాన్ని గుంపులోవి దాని పేరుతో పిలుస్తాయి, అదై ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది. ముక్కుపుడకే పిలుస్తోందేమో. ఆ మాట అనుకోగానే ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాపం, అది వెతుక్కుంటోంది, నేనేమో ఇక్కడ అబద్ధాలు అతికిస్తున్నాను అనుకుంది.

మూడో రోజు ఫైల్లో ఇంకో ఈల. అది ఆవిడకి వెంటనే అందలేదు. నోటుపుస్తకం వెనక నుంచి తెరిచి, బొమ్మలు ఒక్కొక్కటే పోల్చుకుంటూ వచ్చింది. దొరికింది. తోకతెగినది. పోయి ఆరేళ్ళు.

నాలుగో రోజు ఫైల్లో మరో మూడు. అయిదో రోజు... ఆవిడ పేజీలు తిప్పుతూనే ఉంది. మొదటి ఏడాది పోయినవి. ఒకప్పుడు నది తవ్విన ఓడ కింద పడి నలిగిపోయిన జంట. పుట్టి నెల తిరక్కుండానే ఒడ్డుకి కొట్టుకొచ్చిన పిల్ల. అన్నీ ఉన్నాయి. ఎనిమిదో రోజుకి పంతొమ్మిది ఈలలు టిక్కు పెట్టింది. ఇరవయ్యో పేరు దగ్గర పెన్సిలు మొన విరిగింది.

అంతకంటే ఆవిణ్ణి భయపెట్టింది ఇంకొకటి. డాల్ఫిన్ నీళ్ళలో కదిలినంతసేపూ చిటచిటమని సన్నటి చప్పుడు చేస్తూనే ఉంటుంది. ఆ చప్పుడు దేనికైనా తగిలి తిరిగొస్తేనే ఎదురుగా ఏముందో దానికి తెలిసేది. బురదనీళ్ళలో అదే దాని చూపు. ఈ ఈలల వెనక ఆ చిటచిట లేదు. ఒక్కసారి కూడా లేదు. ఏమీ చూడాల్సిన అవసరం లేనట్టు, ఎక్కడికీ కదలనట్టు... ఒకే చోట నిలబడి ఈల వేస్తున్నాయి.

చివరి రెండు రోజుల ఫైళ్ళలో అవి తమ పేర్లు మానేశాయి. అన్నీ కలిసి ఒకటే పేరు పిలుస్తున్నాయి. పొట్టిగా, గొలుసులా తిరిగే ఈల.

బుడిగి. బుడిగి. బుడిగి.

డాక్టరమ్మ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. అప్పటికి పదకొండయింది. మంచు విడలేదు. సరంగుకి ఫోన్ చేసింది.

"అన్నా, పడవ తీయాలి."

"ఈ మంచులోనా? ముక్కు ముందు వేలు కనబడ్డం లేదు."

"నాలుగో గుంజ దగ్గర ఏదో అయింది. నువ్వు రాకపోతే నేనే వెళ్తాను."

"మీరు వెళ్తే గుంజ కాదు కదా, నది కూడా దొరకదు మీకు" అని దగ్గాడు. "వస్తున్నా ఉండండి."

పడవ మెల్లిగా కదిలింది. తడి తాళ్ళ వాసన, డీజిలు వాసన. రేవు చివరి దీపం కాసేపు పచ్చగా మెరిసి మాయమైంది. దారిలో ఆవిడ జరిగిందంతా సరంగుకి చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు. చుక్కాని పట్టుకుని ముందుకే చూస్తూ, "బామ్మ ఒక్కతీ ఏం చేస్తుంది పాపం. తెలిసినవాళ్ళని పిలుచుకుంది" అన్నాడు.

"అలా మాట్లాడకన్నా."

"మీరు అడిగితేనే చెప్పాను."

అడగలేదు ఆవిడ. ఆ మాట ఆయనకి గుర్తు చెయ్యలేదు.

నాలుగో గుంజ మంచులోంచి ఉన్నట్టుండి ఎదురైంది. తుప్పు పట్టిన ఇనుము, దాని మొదట్లో చుట్టుకున్న నాచు. సరంగు ఇంజను ఆపేశాడు. నిశ్శబ్దం చెవుల్లోకి నీళ్ళు పోసినట్టు నిండింది. ఆవిడ చేతిమైకుని తీగతో నీళ్ళలోకి దింపి, దానికి తగిలించిన చిన్న స్పీకరుని పడవ బల్ల మీద పెట్టింది.

మీట నొక్కగానే ఈలలు. ఒకటి కాదు, పది కాదు. పడవ చుట్టూ. పడవ కింద.

"ఎన్నున్నాయి?" గుసగుసగా అడిగాడు సరంగు.

"ఇరవై... పైనే."

ఆయన పడవ అంచు మీదకి వంగి నీళ్ళని చూశాడు. అటు తిరిగి చూశాడు. ఇటు తిరిగి చూశాడు. నీళ్ళు గాజులా ఉన్నాయి. ముడత లేదు, బుడగ లేదు.

"డాక్టరమ్మా..."

"ఏంటన్నా?"

"మనం వచ్చి పావుగంటయింది. ఒక్కటైనా ఊపిరికి పైకొచ్చిందా?"

ఆవిడ కూడా నీళ్ళ వంక చూసింది. డాల్ఫిన్ చేప కాదు. నాలుగైదు నిమిషాలకోసారైనా పైకి వచ్చి గాలి పీల్చాలి. పైకి తేలగానే పుఫ్ మని వదిలే ఊపిరి అంత దూరం వినబడుతుంది. ఇరవై డాల్ఫిన్లు ఉన్న చోట నీళ్ళు ఉడుకుతున్నట్టు ఉండాలి.

ఒక్క ఊపిరీ లేదు.

స్పీకర్లో మాత్రం అదే పిలుపు. బుడిగి. బుడిగి.

అప్పుడు దూరంగా, మంచులో... పుఫ్.

మరొకటి. పుఫ్. చిన్నది, తొందరపడుతున్నది, ఇంకొకటి.

"అవి మనవి" అంది ఆవిడ. "బతికున్నవి. వస్తున్నాయి."

ఊపిర్లు దగ్గరయ్యాయి. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఏడు. అన్నీ వచ్చాయి. పిలిచినవాటి దగ్గరికి సూటిగా వస్తున్నాయి. పడవకి పది గజాల అవతల ముక్కుపుడక వీపు నల్లగా తేలి మునిగింది. పక్కనే బుడిగి.

సరంగు కళ్ళు చికిలించి చూశాడు. "అదేంటి అక్కడ? ఆ తెల్లగా?"

బెండ్లు. మంచులో తెల్లటి బెండ్లు, ఒకదాని పక్కన ఒకటి. గుంజ దగ్గర్నుంచి మొదలై, మంచులోకి ఎంత దూరం పోయాయో తెలీదు. వల. గస్తీ లేని చోట ఎవరో రాత్రికి రాత్రి తీరిగ్గా పరుచుకుపోయిన వల. పిలుపుకీ, వస్తున్నవాటికీ మధ్యలో ఆ వల.

"వద్దు" అని అరిచింది డాక్టరమ్మ. డాల్ఫిన్లకి అరిచింది. తెడ్డు తీసి నీళ్ళని కొట్టింది, పడవ అంచుని బాదింది. ఏదీ ఆగలేదు. బెండ్లు ఒక్కసారి కిందికి గుంజుకున్నాయి. నీళ్ళు కలియబడ్డాయి. స్పీకర్లో ముక్కుపుడక ఈల చీలిపోయి కేకలా వచ్చింది. గుంపులోని వేరే పెద్ద డాల్ఫిన్ ఒకటి తోక కొడుతూ పైకి లేచి, మళ్ళీ లోపలికి పోయింది. ఆ తర్వాత అది పైకి రాలేదు.

"పిల్ల చిక్కుకుంది" అన్నాడు సరంగు. అప్పటికే చొక్కా విప్పేశాడు. లంగరు తాడు నడుముకి చుట్టి, గట్టిగా ముడేశాడు. కత్తి పళ్ళ మధ్య పెట్టుకోబోయి, తీసి, "రెండుసార్లు లాగితే నన్ను పైకి లాగండి" అన్నాడు.

"అన్నా, వద్దు. నీకు అసలే దగ్గు."

"దగ్గు నీళ్ళలో రాదులెండి." నవ్వాడు. అదీ ఆయన ఆఖరి మాట.

నీళ్ళు మూసుకున్నాయి. తాడు ఆవిడ చేతుల్లోంచి జారుతూ పోయింది. నాలుగు బారలు. అయిదు. ఆగింది.

స్పీకర్లో ఈలలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

రొయ్యల చిటపట కూడా లేదు. నది మొత్తం ఊపిరి బిగబట్టినట్టుంది. ఆవిడ తాడు పట్టుకుని లెక్కపెడుతోంది. ఇరవై... ముప్ఫై... స్పీకర్లో కత్తి వలతాడుని కోస్తున్న కరకర. నలభై. కరకర ఆగింది.

పుఫ్.

పడవ పక్కనే బుడిగి తేలింది. వీపు మీద వల గాట్లు ఎర్రగా. బతికుంది. తల్లి వచ్చి దాన్ని పక్కకి నెట్టుకుంటూ తీసుకుపోయింది.

అరవై. డెబ్భై.

తాడు కదలలేదు.

"అన్నా!"

లాగింది. తేలిగ్గా వచ్చింది. మరీ తేలిగ్గా. బార వెనక బార చేతులు మంటపుట్టేలా లాగింది. చివర పడవలోకి వచ్చిపడింది.

ముడి విప్పలేదు. తాడు తెగలేదు. ఆయన నడుం ఎంత ఉంటుందో అంత గుండ్రంగా, బిగిసిన ముడి బిగిసినట్టే ఉంది. లోపల మాత్రం ఎవరూ లేరు.

స్పీకర్లో, మైకుకి మూతి ఆనించినంత దగ్గరగా, కింద నుంచి మెల్లిగా లేచి... ఎక్కిళ్ళు. ఒకటి. రెండు.

ఆ తర్వాత డాక్టరమ్మకి గుర్తున్నది తక్కువ. గస్తీ బోటువాళ్ళు ఆవిడ కేకలు విని వచ్చారు. ఈతగాళ్ళు నాలుగు రోజులు వెతికారు. వలలో ఒక పెద్ద డాల్ఫిన్ శవం దొరికింది. సరంగు దొరకలేదు. కత్తి దొరికింది, బురదలో నిలువుగా గుచ్చుకుని.

అయిదో రోజున ఆవిడ ఆఫీసుకి వెళ్ళి అన్నీ చెప్పేసింది. బామ్మని పాతిపెట్టిన సంగతి, అతికించిన ఈలలు, గస్తీ మారడానికి కారణం. పోయినవాటి ఈలలు వినబడ్డ సంగతి కూడా చెప్పబోయింది గానీ డైరెక్టరు గారు చెయ్యెత్తి ఆపారు. "మీరు బాగా అలిసిపోయారు. ముందు ఇంటికెళ్ళి పడుకోండి" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. అక్కడే ఆవిడ చూస్తుండగానే ఎనిమిది కొట్టేసి ఆరు అని రాశారు. రెండు నెలల్లో ఉత్తర్వు వచ్చింది. రక్షణ ఎత్తేశారు. గుంజలు పీకెయ్యమన్నారు. బుడిగి, దాని తల్లి, మిగతా నాలుగూ నదిని వదిలి సముద్రంలోకి పోయాయని జాలర్లు చెప్పుకున్నారు. నిజమో కాదో చెప్పేందుకు వినేవాళ్ళు లేరు.

గుంజలు పీకిన రోజున కూలీలు, ఆ రెండు నెలలూ వింటూనే ఉన్న నాలుగో గుంజ రికార్డరు పెట్టె తెచ్చి గదిలో పెట్టిపోయారు. అదే సాయంత్రం సరంగు భార్య వచ్చింది.

పడవలకి టార్పాలిన్లు కుట్టే మనిషి ఆవిడ. వేళ్ళ నిండా సూది పొడిచిన మచ్చలు. వచ్చి బల్లకి ఎదురుగా కూర్చుంది. డాక్టరమ్మ లేచి నిలబడి, కళ్ళు దించుకుని, "వదినా, తప్పంతా నాదే" అని మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. ఏదీ దాచలేదు. సరంగు భార్య మధ్యలో అడ్డు రాలేదు. అంతా అయ్యాక, "ఆయన నాకు ఆ రోజే చెప్పాడు, గొయ్యి తవ్విన రోజు" అంది. "డాక్టరమ్మ మంచికే చేస్తోంది, కానీ ఇది మంచి కాదు అన్నాడు. నేనే ఊరుకోమన్నాను. ఆయన్ని వద్దని ఒక్క మాట గట్టిగా అనుంటే..."

మాట ఆపి రికార్డరు పెట్టె వైపు చూసింది.

"ఆ పెట్టెలో అన్నీ పడతాయంటారుగా" అంది చివరికి. "ఆయన గొంతు ఏమైనా పడిందా? దగ్గయినా సరే."

"ఇంకా వినలేదు వదినా."

"వినండి. నేను కూర్చుంటాను."

డాక్టరమ్మ కార్డు పెట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. సరంగు మునిగిన రోజు ఫైలు తెరిచే ధైర్యం లేక, ఆ మర్నాటిది తెరిచింది.

బామ్మ ఈల. కానీ ఎప్పటిలా కాదు. మెల్లిగా, సాగదీసి, ముక్క ముక్కగా. ఆగి, మళ్ళీ మొదటి నుంచి. ఆవిడకి ఆ పద్ధతి తెలుసు. పిల్ల పుట్టిన కొత్తలో దానికి పేరుండదు. పెద్దది దగ్గరుండి ఈల వినిపిస్తుంటే, పిల్ల వణుకుతూ, తప్పుతూ తన పేరు తను కూర్చుకుంటుంది.

బామ్మ ఆగింది. జవాబుగా ఇంకో గొంతు.

లావుగా, బొంగురుగా ఉంది. డాల్ఫిన్ గొంతు అంత కిందికి దిగదు. సగం దూరం లేచి, మధ్యలో తెగింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ తెగింది.

డాక్టరమ్మ ఫైళ్ళు వరసగా తెరుస్తూ, ఒక్కోదాంట్లో కాస్త కాస్త వింటూ పోయింది. రోజురోజుకీ ఆ గొంతు తేటపడుతోంది. వారానికి ఈల నిలబడింది. రెండు వారాలకి మిగతావన్నీ దాన్ని ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టాయి.

"ఏమైనా ఉందా?" అని సరంగు భార్య పెదాలు కదిలాయి.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. ఏమీ లేదని చెప్పింది. అంతకంటే ఏం చెప్పాలో తెలియలేదు.

ఆఖరి రోజు ఫైలు మిగిలింది. తెరిచింది. ఈలలు లేవు. నీళ్ళ చప్పుడు కూడా లేదు. అలా ఎంతసేపో. ఆపేద్దామనుకుని మౌసు మీద చెయ్యి వేసింది.

అప్పుడు అన్నీ కలిసి ఒకేసారి ఈల వేశాయి.

కొత్త ఈల. నోటుపుస్తకంలో ముందు నుంచి చూసినా, వెనక నుంచి చూసినా లేనిది. ఆ బొంగురు గొంతు అన్నిటికంటే ముందుంది. వేసి, ఆగాయి. ఎనిమిది సెకన్లు. మళ్ళీ వేశాయి. మళ్ళీ ఎనిమిది సెకన్లు. ఎవర్నో పిలుస్తున్నాయి. పిలిచి, జవాబు కోసం ఆగుతున్నాయి. పిలుపు మాటిమాటికీ మెత్తబడుతోంది, చంటిపిల్లని లేపుతున్నట్టు.

ఏడోసారి పిలిచాక ఆగాయి. ఎనిమిది సెకన్లు గడిచాయి. పది. ఇరవై. ఇక పిలవలేదు. పిలవాల్సిన పని తీరిపోయినట్టు చెవుల్లో అంతా నిశ్శబ్దం.

మణికట్టు మీద చల్లటి చెయ్యి పడింది. డాక్టరమ్మ ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు లాగేసింది. సరంగు భార్య బల్ల మీదుగా వంగి ఆవిడ మొహంలోకే చూస్తోంది. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏంటి వదినా?"

సరంగు భార్య గొంతు తగ్గించి అడిగింది.

"ఇందాకట్నుంచి... ఎవరికి ఈల వేస్తున్నారు మీరు?"